బల్ల లోపలికి తెచ్చిన మధ్యాహ్నం

తైవాన్‌లోని తైనాన్ ఊళ్లో బీషియా రిపేరు కొట్టుకి మంచి పేరుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె చేతిలో పడ్డ ఏ ల్యాప్‌టాప్ కూడా తన జబ్బు దాచుకోలేకపోయింది. ఆ రోజు పొద్దున్నే ఒక బడి పంతులమ్మ తెచ్చిచ్చినదీ అంతే. పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి నాలుగు సెకన్లు బిగుసుకుపోతోందట, మళ్లీ మామూలేనట. బీషియా దుమ్ము దులిపి, పాత డిస్కు తీసి కొత్తది వేసింది. రెండు గంటలు నడిపినా ఒక్కసారి కూడా ఆగలేదు.

"అయిపోయింది. రేపొచ్చి పట్టుకెళ్లమని ఫోన్ చెయ్యి," అంది చెల్లెలితో.

చెల్లెలు సూయిన్‌కి ముప్పై ఎనిమిదేళ్లు. అమ్మ పోయేనాటికి తొమ్మిది. అప్పట్నుంచీ అక్కే అమ్మ. కింద కొట్టు, మీద ఇల్లు, మధ్యలో వాళ్లిద్దరి కీచులాటలు. బీషియాకి ఈ లోకంలో తనదంటూ ఉన్నది ఆ ఒక్క మనిషే.

అది వాళ్ల పంచాంగంలో ఏడో నెల. దిక్కులేని ఆత్మలు ఆకలితో ఊరి మీద తిరిగే నెల. వాళ్లని దెయ్యాలనకూడదు, అన్నదమ్ములు అనాలి. ఒక మధ్యాహ్నం ప్రతి కొట్టువాళ్లూ గుమ్మం ముందు బల్ల వేసి వాళ్లకి వడ్డిస్తారు. ఆ రోజు అక్కాచెల్లెళ్లు కూడా ఉడికించిన బాతు, పంది మాంసం, నారింజలు, నూడుల్స్ పొట్లాలు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో అగరొత్తి గుచ్చారు. సరిగ్గా మూడింటికి ఆకాశానికి చిల్లు పడినట్టు వాన అందుకుంది. బీషియా పరుగెత్తుకెళ్లి బల్లని లోపలికి లాగింది.

"అక్కా! బల్ల గడప దాటి రాకూడదే! లోపల వడ్డిస్తే ఇంట్లోకి పిలిచినట్టే."

"తడిసిన బాతుని వాళ్లు మాత్రం తింటారా? అడ్డం తప్పుకో."

"నీకు వాళ్లకంటే బాతు మీదే ప్రేమ."

"రాత్రికి తినాల్సింది మనమే కదే, మహాతల్లీ!"

సూయిన్ నవ్వేసి, వెనక బీరువా దగ్గర స్టూలు వేసుకుని నారింజ ఒలుచుకుంటూ కూర్చుంది. వానకి వీధి నల్లబడింది. కదలని గాలిలో అగరు పొగ, బాతు కొవ్వు వాసన, తడి మట్టి వాసన కలిసి గొంతుకి అడ్డం పడుతున్నాయి.

అప్పుడు ల్యాప్‌టాప్ మళ్లీ ఆగింది.

బీషియాకి తల కొట్టేసినట్టయింది. తెర మీద సెకన్లు లెక్కపెట్టే గడియారం పెట్టి అంకెలు చూసింది. పది, పదకొండు, పన్నెండు… పదిహేడు. మధ్యవి లేవు. మెమరీ మార్చింది. ఇరవై, ఇరవై ఒకటి… ముప్పై మూడు.

"ఏం డాక్టరమ్మా, జబ్బు దొరికిందా?" అంది సూయిన్.

"నోరు మూసుకుని నారింజ తిను," అంది బీషియా.

మొండి జబ్బుల్ని వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూడటం ఆమె పద్ధతి. తెరా, మౌసూ కనబడేలా ఫోన్ నిలబెట్టింది. ఇంకోసారి ఆగగానే తీసి చూసింది.

వీడియోలో ల్యాప్‌టాప్ ఆగలేదు. అంకెలు ఒక్కటీ తప్పకుండా నడుస్తూనే ఉన్నాయి. ఆగింది మౌసు మీద తన చెయ్యి. మౌసు నొక్కబోయిన వేలు గాల్లోనే నిలిచిపోయింది… పద్నాలుగు సెకన్లు. తర్వాత ఏమీ ఎరగనట్టు కిందికి దిగింది.

బీషియా ఫోన్ పక్కన పెట్టింది. తలెత్తి చెల్లెలి కోసం బీరువా వైపు చూసింది. అక్కడ లేదు. స్టూలు కొట్టు మధ్యలో ఉంది. దాని మీద సూయిన్ నారింజ ఒలుస్తూనే ఉంది.

"అక్కడికెందుకు జరిగావు?"

"ఎక్కడికి జరిగాను? కూర్చున్నచోటే ఉన్నాగా."

"వెనక్కి చూడు."

సూయిన్ చూసింది. చేతిలో నారింజ జారి గుమ్మం దాకా దొర్లింది.

బీషియా లేచి వడ్డించిన బల్లని బయటికి నెట్టింది. దాని ముందు కాళ్లు గడప దాటాయి… మరుక్షణం చూస్తే బల్ల మళ్లీ లోపలే ఉంది. ఆమె చేతులు దాని అంచు మీదే ఉన్నాయి. అగరొత్తులు సగానికి కాలిపోయాయి. సూయిన్ స్టూలు గుమ్మానికి మూడడుగుల్లో ఉంది.

"అక్కా… నాకేదో అవుతోంది. నన్ను పట్టుకో."

మేడ మెట్లు కూడా ఆ గుమ్మం పక్కనే. అటు తీసుకెళ్లే ధైర్యం లేక బీషియా చెల్లెల్ని లోపలికి ఈడ్చుకొచ్చింది. నెట్‌వర్క్ వైరు ఆమె నడుముకి చుట్టి, రిపేరు బల్ల ఇనుపకాలికి మూడు ముళ్లు బిగించింది. తెర మీది గడియారాన్ని మళ్లీ సున్నా నుంచి నడిపి, కొట్టంతా కనబడేలా ఫోన్‌ని అర మీద పెట్టి వీడియో మొదలెట్టింది. కింద కూర్చుని చెల్లెల్ని రెండు చేతులా వాటేసుకుంది. ఇంకేం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

"నేను వదలను. వింటున్నావా? వదలను."

"ఊపిరాడట్లేదే."

"ఓర్చుకో."

తెర మీద అంకెలు నడుస్తున్నాయి. నలభై… నలభై ఒకటి… సూయిన్ గుండె తన గుండెకి ఆని కొట్టుకుంటోంది. నలభై రెండు…

వాన వెలిసింది.

బీషియా చేతులు వాటేసుకున్నట్టే ఉన్నాయి. వాటి మధ్య ఎవరూ లేరు. వైరు నేల మీద చక్కగా చుట్ట చుట్టి ఉంది. తెర మీద గంటా పది నిమిషాలు. ఆ తర్వాత ఒక్క సెకను కూడా తప్పలేదు.

వీధంతా వెతికింది. అరిచింది. ఎదురు కొట్టువాళ్లని అడిగితే ఎవరూ చూడలేదన్నారు. తిరిగొచ్చి, అర మీది ఫోన్ తీసి చూసింది.

నలభై రెండో సెకను దగ్గర ఇద్దరూ బిగుసుకుపోయారు. కాసేపటికి కదిలింది తనే. లేచి, తీరుబడిగా మూడు ముళ్లూ విప్పింది. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించింది. అక్కడ ఎవరూ కనబడలేదు. అయినా నడుం వంచి, అతిథులకి అందించినట్టు, సూయిన్ చేతిని రెండు చేతులతో గడప అవతలికి అందించింది. తర్వాత తల పక్కకి వంచి, ఎవరో అడుగుతుంటే వింటున్నట్టు నిలబడింది.

"అవును," అంది వీడియోలో తన గొంతు. కాసేపాగి మళ్లీ, "అవునండీ."

మూడోసారి ఎక్కువసేపు విన్నది. చెల్లెలి ముఖం వంక చూసింది.

"అక్కర్లేదండీ," అంది మర్యాదగా. "మీరే ఉంచుకోండి."

బీషియా ఆ ముక్క ఎన్నోసార్లు వెనక్కి తిప్పి విన్నది. వాళ్లేం అడిగారో ఒక్కసారి కూడా వినబడలేదు.