చెక్క అమ్మమ్మ చేతిలో రొట్టె

జర్మనీలోని మా బ్రెమెన్‌లో పాత సామాన్ల రోజంటే నాకు పండగే. అక్కర్లేనివన్నీ జనం వీధిలో పెట్టేస్తారు, నచ్చినవాళ్ళు పట్టుకుపోతారు. ఈసారి నాకు ఒక చెక్క ముసలమ్మ దొరికింది. దోసిలి పట్టి కూర్చుని ఉంది. ఒంటిగాడిని కదా, పలకరించడానికి ఒక మనిషుంటుందని వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఎవరో తలుపు దబదబా బాదారు.

"ట్రామ్ నడిపే టోర్బెన్ మీరేనా? నా శిల్పాన్ని మీరే ఎత్తుకెళ్ళారని ఎదురింటావిడ చెప్పింది!"

గుమ్మంలో వానకి తడిసిన అమ్మాయి. జుట్టు నిండా చెక్కపొట్టు. ఆ కోపంలో కూడా ఎంత బాగుందో!

"ఎత్తుకెళ్ళడమేంటండీ? పాత కుర్చీల పక్కన ఉంటేనూ..."

"గ్యాలరీ వ్యాన్ వచ్చి తీసుకెళ్తుందని బయట పెట్టానండీ! రేపు నా మొట్టమొదటి ఎగ్జిబిషన్. అది లేకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు!"

"పాత సామాన్ల రోజే దొరికిందా మీకు, వీధిలో పెట్టడానికి? ఈ ఊరివాళ్ళేనా మీరు?"

నన్ను తోసుకుని లోపలికొచ్చింది. కిటికీ దగ్గర ఠక్కున ఆగిపోయింది.

"శిల్పం చేతిలో రొట్టె పెట్టారా?"

"అది నా పొద్దుటి తిండి. దోసిలి ఖాళీగా ఉంటే పాపం ఆకలేస్తున్నట్టు అనిపించి..."

చంపేస్తుందనుకున్నాను. స్టూలు మీద కూలబడింది.

"ఈ బొమ్మ మా అమ్మమ్మే. రొట్టెల కొట్టు నడిపేది. ఊరి చర్చిలో పాత చెక్క బొమ్మల్ని చూసి ఉలి పట్టాను గానీ, మనిషిని చూడడం ఆవిడే నేర్పింది. దోసిలి ఖాళీగా ఉంటేనే ఆధునికమన్నారు మా మాస్టారు. ఏదో లోటుందని నెలల తరబడి ఏడుస్తున్నా."

"ఏడవకండి. సగం తినండి."

నవ్వేసింది. పేరు వీబ్కె అని అప్పుడు చెప్పింది. ఆ పూటే అమ్మమ్మని నా ట్రామ్‌లో గ్యాలరీకి చేర్చాం.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి, దోసిట్లో తాజా రొట్టె! ఎదురుగా మాస్టారు గడ్డం గోక్కుంటున్నారు.

"ఖాళీగా ఉంచమన్నానుగా?"

"మా అమ్మమ్మ ఎవర్నీ వట్టి చేతులతో పంపలేదు సార్" అంది వీబ్కె.

ఆయన వంగి రొట్టెని చూసి, చివరికి సరేనని తలూపారు.

వీబ్కె నా దగ్గరికొచ్చింది. "ఎగ్జిబిషన్ నెల్లాళ్ళు. రొట్టె రేపటికే ఎండిపోతుంది. రోజూ ఎవరు తెస్తారు?"

"నేను తెస్తా. రొట్టె వంక మాత్రమే. వచ్చేది మీకోసం."

ఆమె ముఖం ఎర్రబడింది. "మీరేంటి? నువ్వు అను."

"మరి నెల్లాళ్ళయ్యాక?"

"అమ్మమ్మ నీ కిటికీ దగ్గరికే వచ్చేస్తుంది. అప్పుడు రెండు రొట్టెలు తే. నేనూ అక్కడే తింటా."