పెట్టెకు కప్పిన గుడ్డ

పొద్దున్నే వడ్రంగి తలుపుచెక్కను బల్ల మీదికెక్కించి గరుకు కాగితం అందుకున్నాడు. కొట్టు వెనకే ఇల్లు, మధ్యలో ఒక్క గుమ్మం. లోపల మనవరాలు పిచ్చిక గుండెల్లో మళ్లీ పిల్లికూతలు.

"మామయ్యా, ఈ దుమ్ము దీనికి పడటం లేదు. మా అమ్మ దగ్గరికి తీసుకుపోతాను," అంది కోడలు, సంచిలో బట్టలు కుక్కుతూ.

చేతిలో పని, ఒళ్లో పిచ్చిక తప్ప ఆయనకు మూడో లోకం లేదు.

ఆయన కూతురు గాలి ఎంత శుభ్రమో కొలిచే ఆఫీసులో పనిచేస్తుంది. ఈ గొడవ తేల్చడానికి వారం కిందట అక్కడి కొలత పెట్టె ఒకటి తెచ్చి పిచ్చిక మంచం పక్కన పెట్టింది. ఇప్పుడు వచ్చి అంకెలు చూసింది.

"గాలి బాగానే ఉంది వదినా. పుట్టింటికి వెళ్లాలనుంటే వెళ్లు, నెపం నాన్న మీద పెట్టకు."

"దగ్గేది నీ పెట్టె కాదుగా, నా పిల్ల."

"యంత్రానికి నీ మీద కక్షేముంటుంది?"

"అంటే నాకు మీ నాన్న మీద కక్షా?"

వడ్రంగికి కాస్త ధైర్యం వచ్చింది. "పెట్టె అబద్ధమెందుకు చెబుతుందమ్మా. కంటికి రెప్పలా చూసుకున్నాను. గరుకు పట్టే ముందు, వార్నిష్ ఆరిన సామానుకు కప్పినట్టే, దానికీ దళసరి గుడ్డ కప్పేవాణ్ణి. ఒక్క రవ్వ దుమ్ము పడనివ్వలేదు."

కూతురు ముఖం పాలిపోయింది. "కప్పావా నాన్నా?"

"ఆఫీసు సొమ్ము కదా."

"అది కొలవాల్సింది ఆ దుమ్మునే."

కోడలు పిల్లనెత్తుకుని, సంచి అందుకుని వీధిలోకి నడిచింది. కూతురు గుడ్డ లేకుండా పెట్టెను గుమ్మంలో పెట్టి, "కాసేపు గరుకు పట్టు," అంది. ఆయన పట్టాడు. అంకె పైకి, ఇంకా పైకి పాకింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

కూతురు వీధిలోకి వెళ్లింది. "తప్పు నాది వదినా. గుడ్డ కింద గాలి కొలిచి నీ నోరు మూయించాను."

కోడలు పిచ్చిక ముక్కు తుడిచింది.

వడ్రంగి గడప మీద కూలబడ్డాడు. "పెట్టెకు కప్పాను," అన్నాడు మెల్లగా. "పిల్లకు కప్పలేదు."

లేచి కళ్లు తుడుచుకున్నాడు. "తీసుకెళ్లమ్మా. బల్ల వీధి చివర ఉన్న ఖాళీ షెడ్డుకు మార్చి, ఇల్లు కడిగి కబురు పెడతాను. అప్పుడే రండి."

కొట్టులోకి వెళ్లి ఒంటరిగానే బల్ల ఎత్తబోయాడు. కోడలు పిచ్చికను ఆడపడుచు చేతికిచ్చి, సంచి కింద పెట్టి, లోపలికొచ్చి రెండో కొస పట్టుకుంది.

"నడుం పట్టేస్తుంది మామయ్యా. మెల్లగా."