పోయొస్తా

మధుమిత కిటికీ సీట్లో ఎవరో హాయిగా నిద్రపోతున్నాడు.

ఆమె బోర్డింగ్ పాస్ రెండుసార్లు చూసుకుంది. ఇరవై ఆరేళ్లొచ్చాక విమానమెక్కడం ఇదే మొదలు, అదీ పోర్ట్ బ్లెయిర్‌కి. సముద్రంలో దీవి కనబడే ఆ క్షణాన్ని పక్కవాడి తలకాయ మీదుగా చూసే ఉద్దేశం ఆమెకు లేదు.

"సార్, ఇది నా సీటు. మీరు ఆడ కూర్చోండి."

అతను ఒక కన్ను తెరిచాడు. "ఆడ అంటే ఏటండీ? ఆడవాళ్ల సీటా?"

లేచాడు గానీ నవ్వుతూ లేచాడు, అందుకే ఆమెకు ఇంకా మండింది. పేరు వెంకట్రామ్ అని, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి బ్లెయిర్ చేరిన కుటుంబమని, అక్కడ పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉందని, స్పేర్ పార్టుల కోసం నెలకోసారి చెన్నై వస్తానని అడక్కుండానే చెప్పేశాడు. తానెందుకు వెళ్తోందో ఆమె చెప్పాక మాత్రం అతనికి పొలమారింది. చెన్నై శివారు తిరువొత్తియూరు అమ్మాయి, మాటకు నాలుగు అరవ ముక్కలు కలిపే అమ్మాయి, తమ ఊరి బళ్లో తెలుగు టీచరుగా చేరబోతోంది.

అతనికి నవ్వులాటే. ఆమెకు కాదు. తెలుగు ఎమ్మే చేసి మూడేళ్లు చెన్నైలో చెప్పులరిగేలా తిరిగితే ఒక్క బళ్లోనూ ఖాళీ లేదు. ఈ ఊళ్లో తెలుగెవరికి కావాలి, వచ్చి మన పప్పుల మండీలో కూర్చోమని నాన్న దామోదరం రోజూ పోరు పెట్టేవాడు. చివరికి ఈ దీవి బడి నుంచి ఉత్తరం వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా వచ్చి సంతకం పెట్టాలి, లేదంటే ఉద్యోగం తర్వాతి పేరుకు పోతుంది. ఇవాళ బుధవారం.

రెండు గంటల తర్వాత మబ్బుల సందులోంచి పచ్చటి కొండలు, వాటి మధ్య జడ రిబ్బనంత రన్‌వే కనిపించాయి. చక్రాలు దిగిన చప్పుడు కూడా వినిపించింది. అంతలో వాన కమ్ముకొచ్చింది. విమానం మళ్లీ పైకి లేచి, మూడు చుట్లు తిరిగి, ముక్కు చెన్నై వైపు తిప్పేసింది.

చిన్న ఎయిర్‌పోర్టు, పక్కనే కొండలు, వానొస్తే పైలట్లు పంతానికి పోరు, జూన్‌లో ఇది మామూలేనని వెంకట్రామ్ తాపీగా వివరించాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంట్లో ఏటని చెప్పి బయల్దేరారు?"

"పోయొస్తానని. ఇంకేమంటారు?"

"అదీ సంగతి. మా ఇంట్లో విమానం ఎక్కేముందు ఎవరూ ఆ మాటనరు. అది వింటాదండీ. పోయి, వచ్చీస్తాది."

ఆమె కిటికీకేసి తిరిగి, చెన్నైలో దిగేదాకా అటే చూసింది.

గురువారం పొద్దున గడప దాటుతూ అలవాటు కొద్దీ మళ్లీ "పోయొస్తా" అనేసింది. విమానం కూడా అలవాటు కొద్దీ తిరిగొచ్చేసింది. ఈసారి రోడ్డు మీద బస్సులు కూడా కనబడేంత కిందికి దిగి మరీ వచ్చింది. ఏడుపు మింగుకుంటూ కిటికీకేసి తిరిగితే, మళ్లీ పక్క సీట్లోనే పడ్డ వెంకట్రామ్ తన మురుకుల పొట్లం ఆమె ఒళ్లో పెట్టాడు. సగం తినేశాక ఆమెకు గుర్తొచ్చింది, ఇతని మీద తనకు కోపమని.

ఆ సాయంత్రం దామోదరం తీర్పు చెప్పేశాడు. రెండుసార్లు వెనక్కి రావడం దైవసంకల్పమట. రేపు కూడా వెనక్కి వస్తే ఆ దీవి మాట మరిచిపోయి మండీలో కూర్చోవాలట. మధుమిత సరేనంది. రేపు రాకూడదని ఆమె అప్పటికే గట్టిగా అనుకుంది.

శుక్రవారం తెల్లవారగానే అవ్వ కనకవల్లి ఎప్పటిలాగే మంచినీళ్ల గ్లాసుతో గడప దగ్గర నిలబడింది. ఆ ఇంట్లో పాలుపోసే మనిషి కూడా 'వస్తా' అనే వెళ్లాలి. తాత ఒకనాడు కోపంలో 'పోతున్నా' అని హార్బరు పనికి వెళ్లి మళ్లీ రాలేదు. అప్పట్నుంచీ ఆ మాట ఆ గడప దగ్గర ఎవరూ పలకలేదు.

"అవ్వా, ఈరోజు నేను పోయొస్తా అనను," అంది మధుమిత. "పోతా."

దామోదరం చేతిలో పెట్టె కింద పెట్టేశాడు. అవ్వ మనవరాలి మొహంలోకి చూసింది. తర్వాత గ్లాసు అందించింది.

"ఆడ నీ బళ్లో పిల్లకాయలు ఎదురుచూస్తా ఉంటారు. పో."

నలభై ఏళ్లుగా నోటికి రాని మాట అది. అన్నాక ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఎయిర్‌పోర్టులో ఇంకో చిక్కు. రెండు రోజుల నుంచీ ఆగిపోయినవాళ్లంతా ఒకే విమానానికి ఎగబడ్డారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ చూసి, ఒక్క సీటే మిగిలిందని చెప్పింది. క్యూలో మధుమిత ముందు వెంకట్రామ్ ఉన్నాడు.

అతను పక్కకు తప్పుకున్నాడు.

"పార్టులు లేక మీ పడవలు ఆగిపోయాయన్నారు కదా," అంది ఆమె. వద్దనాలనుంది, నోరు రావడం లేదు.

"పడవలు ఇంకో రోజు ఒడ్డునుంటాయి. మీ ఉద్యోగం ఉండదు." తన షెడ్డు కార్డు వెనక నంబరు రాసిచ్చాడు. "దిగాక చెప్పండి. ఆడ కిటికీ పక్కన కూర్చోండి."

ఆ 'ఆడ' వెక్కిరింపులా లేదు. విమానంలో దారంతా ఆమె దాని గురించే ఆలోచించింది. కొండ వచ్చింది, రన్‌వే వచ్చింది, ఆమె రెండు చేతులూ బిగించి పెదవి కొరుక్కుంది. చక్రాలు నేలను తాకి గట్టిగా కుదిపినప్పుడు విమానంలో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మధుమితే.

మధ్యాహ్నం మూడింటికి బడి రిజిస్టరులో సంతకం పెట్టింది. మొదటి మెసేజ్ అవ్వకు, రెండోది అతనికి. రెండూ ఒకటే: "దిగాను."

నాలుగు నెలల్లో ఆమె క్లాసు పిల్లలు 'ఈడ, ఆడ' అనడం నేర్చారు. టీచరేమో 'ఏటి' అనడం నేర్చింది. శనివారాలు వెంకట్రామ్ షెడ్డుకెళ్లి, ఇంజన్ చప్పుడులో వినబడని మాటలు కూడా విని నవ్వుతూ కూర్చునేది. తనకు అతనంటే ఇష్టమని ఆమెకు తెలుసు. అతనేమీ అనడు, అదే బాధ.

దీపావళి సెలవులకు ఇద్దరూ చెన్నై వచ్చారు. వెంకట్రామ్ మూడు రోజులు ఊళ్లో పని చూసుకుని, వెళ్లే ముందు రోజు తిరువొత్తియూరు వచ్చి, అమ్మాయిని చేసుకోవాలనుకుంటున్నానని దామోదరంతోనే నేరుగా చెప్పేశాడు. మధుమిత చేతిలో కాఫీ ఒలికింది. తనకు చెప్పలేదేమని ఆమె కసిరితే, "మీకు తెలీదా ఏటి?" అన్నాడు. దామోదరం అవుననలేదు, కాదనలేదు. మళ్లీ వచ్చినప్పుడు మాట్లాడుకుందామన్నాడు. దీవివాడు ఇంకో నెలదాకా రాడులే అని అతని ధైర్యం.

మర్నాడు తెల్లవారుజామున వానలో గొడుగు పట్టుకుని, ఎయిర్‌పోర్టుకు వెళ్తూ వెంకట్రామ్ వాళ్ల గడప దగ్గర ఆగాడు.

"పోయొస్తానవ్వా."

"మీరు ఆ మాటనరు కదా?" అంది మధుమిత.

"ఇన్నాళ్లూ నాకు తిరిగిరావాల్సిన ఇల్లు బ్లెయిర్‌లోనే ఉండేది. ఇప్పుడు ఈడ కూడా ఒకటుంది. అందుకే అంటున్నాను."

ఆ వానలో ఆటో కనబడేంతవరకూ ఆమె గడప దగ్గరే నిలబడింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు దామోదరం భోజనానికి కూర్చున్నాడు. అరిటాకులో నీళ్లు చిలకరించుకుంటుండగా వాకిట్లో గొడుగు మూసిన చప్పుడైంది. అదే చొక్కా, అదే బ్యాగు.

"ఆడ ఒకటే వానండీ, మూడు చుట్లు తిరిగి వెనక్కి తెచ్చీసేడు," అన్నాడు వెంకట్రామ్, తడి కాళ్లతో గడప అవతలే ఆగి. "మళ్లీ వచ్చినప్పుడు మాట్లాడుకుందామన్నారు కదండీ. వచ్చీసేను."

మధుమిత కొంగు నోట్లో కుక్కుకుంది. కనకవల్లి మాత్రం అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, కొడుకు వైపు తిరిగింది.

"పోయొస్తానన్నాడు, పోయొచ్చాడు. ఇంతకంటే మాట నిలుపుకునేవాణ్ణి యాడ తెస్తావురా?"

దామోదరం నవ్వాపుకోలేకపోయాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు.

"మధూ, ఈడ ఇంకో ఆకు వెయ్."