థోరా ఇచ్చిన సాక్ష్యం

"నది గడ్డకట్టిందా?" ఫోన్లో ఆడగొంతు అడిగింది.

"లారీ నడపొచ్చు," అన్నాడు ఐవర్ సిగర్డ్‌సన్.

కోడ్ సరిపోయింది. చీఫ్ గొంతు తగ్గించింది. "రీసెర్చ్ సెంటర్లో ఒక మందు సంచీ ఉండాల్సిన చోట రెండు కనిపించాయి. రెండింటి మీదా ఒకటే పేరు. బ్రిన్యా."

విన్నిపెగ్‌లో ఆ ఉదయం ఎండ మంచుమీద పడి చక్కెర ఆరబోసినట్టు మెరుస్తోంది. అప్పుడే కొన్న వేడి కాఫీ చేతిలో ఉంది. ఐవర్‌కి ఆ రెండు సుఖాలూ ఒక్కసారే చప్పబడిపోయాయి.

బ్రిన్యా థోరా కూతురు. థోరా ఒకప్పుడు నిఘా విభాగంలో ఐవర్ పార్ట్‌నర్. ఒక విదేశీ నకిలీ మందుల ముఠా వెంట పడింది. అదే సమయంలో పేగు జబ్బు ఆమె వెంట పడింది. వాడిన మందు ఆ ముఠాదేనని తెలిసేసరికి ఆలస్యమైంది. "నా పిల్లని చూసుకో," అన్నది ఆమె ఆఖరి ఆర్డరు. ఇప్పుడు పిల్లకీ అదే జబ్బు.

"ముఠాలో మన మనిషి ఒడెట్ వస్తోంది. ఏది నకిలీయో తనే చెబుతుంది. నువ్వు ఫ్రిజ్ మెకానిక్‌వి. మీసం పెట్టుకో."

"చీఫ్, పోయినసారి మీసం కాఫీలో పడింది."

"ఈసారి బిస్కెట్ తిను."

*

ల్యాబ్‌లో డాక్టర్ మారివిక్ సల్గాడో రెండు సంచులనూ వెలుతురుకి ఎత్తి చూపించింది. రెండింట్లోనూ పలచటి పాలలాంటి ద్రవం.

"ఇవి బ్రిన్యా రక్తంలోని రక్షక కణాలే," అందామె. "ఊళ్ళో కాపలావాళ్ళనుకో. వాళ్ళు పిచ్చెక్కి ఇంటికే నిప్పు పెడుతున్నారు. అందుకే బయటికి తీసి, శాంతంగా ఉండటం నేర్పాం. తిరిగి ఎక్కిస్తే పేగు పొరకి 'మానిపో' అని కబురు పంపుతాయి. ఎవరో అదే రక్తం దొంగిలించి, అవే కణాల్ని రెచ్చగొట్టి రెండో సంచీ నింపారు."

"మరి పరీక్ష చేస్తే తెలియదా?"

"ఏం తెలుస్తుంది? రెండూ ఆ పిల్లవే. రెండూ బతికే ఉన్నాయి. మైక్రోస్కోప్ కింద కవల పిల్లలు. ఇంకోసారి తయారుచేసేదాకా ఆగలేం, ఐవర్. పేగు చిల్లులు పడేలా ఉంది. ఇవాళ ఎక్కించకపోతే పిల్ల దక్కదు. తప్పుది ఎక్కిస్తే సాయంత్రం కూడా చూడదు. ముఠాకి కావలసిందీ అదే. మా వైద్యం మూతపడితే వాళ్ళ సరుకు అమ్ముకోవచ్చు."

తలుపు తెరుచుకుంది. ముందు అత్తరు వాసన, తర్వాత నక్కబొచ్చు కోటు, ఆ తర్వాత ఒడెట్ మార్షాన్ వచ్చారు. పెదాలకి చెర్రీ రంగు. ఇదే ఊళ్ళో, నది అవతల సెయింట్ బోనిఫేస్ పేటలో పుట్టిన పిల్ల. ముఠా ముందు ముఠా మనిషి, చీఫ్ ముందు చీఫ్ మనిషి.

"అబ్బో, మీసం! ఎవరి పిల్లిది?"

"నీకూ నమస్కారం, ఒడెట్."

ఆమె గ్లవ్ తీసి ఎడమ సంచీ మీద వేలు పెట్టింది. "విషం ఇది. కుడిది మంచిది. నా కళ్ళముందే మార్చారు."

"ఒట్టు?"

"థోరా మీద ఒట్టు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఆ పిల్ల పక్కనే కూర్చుంటాను. చాలా?"

ఐవర్‌కి గుండె తేలికపడింది. బ్రిన్యా కోసం కొన్న వినార్తెర్తా కేకు కారులో మరిచిపోయాడు. ఎండు ఆలూబుఖరా ముద్దని పొరలు పొరలుగా నింపిన ఐస్‌లాండ్ వాళ్ళ కేకు అది. థోరా ఇంట్లో ప్రతి చలికాలం ఉండేది. తెద్దామని బయటికి వెళ్ళాడు.

పార్కింగ్‌లో కార్లన్నీ ముక్కులోంచి వైరు వేలాడదీసుకుని, గోడకున్న ప్లగ్గులు చప్పరిస్తున్నాయి. ఆ చలిలో ఇంజన్ బిగుసుకోకుండా మళ్ళీ స్టార్టవ్వాలంటే కరెంటుతో వెచ్చబెట్టాల్సిందే. ఒక్క కారు వైరు మాత్రం ఊరికే గాలికి ఊగుతోంది. సీటు మీద నక్కబొచ్చు టోపీ.

ఒడెట్ కారు.

ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు నిద్రలో కూడా ప్లగ్ పెడతారు. సాయంత్రం దాకా ఉండే మనిషి పెట్టలేదంటే ఉండే మనిషి కాదన్నమాట.

*

"సంచీ ఎక్కించకండి," అన్నాడు ల్యాబ్‌లోకి వచ్చి. "డాక్టర్, కణాలు చూడటానికి ఒకటేలా ఉంటాయన్నారు. వాటిచేత మాట్లాడించలేమా?"

మారివిక్ లేచింది. "మాట్లాడతాయి. కానీ పేగు పొరతోనే. బ్రిన్యా పొర పెంచే టైం లేదు. దగ్గరి రక్తసంబంధీకులది ఒకటుంది." వెచ్చటి పెట్టె తెరిచింది. లోపల చిన్న గాజు పలకలు. మూల మీద చేతిరాత: T. "థోరా పోయే ముందు ఇచ్చిన పేగు ముక్క. అప్పట్నించీ పెరుగుతూనే ఉంది. ఆదివారాలు కూడా ఎవరో ఒకరం వచ్చి మేత పెడతాం."

ఐవర్ మెడ మీద వెంట్రుకలు లేచాయి. సమాధి మీద తనే మట్టి వేశాడు. ఇక్కడేమో ఆమె ఇంకా వెచ్చగా ఉంది.

మారివిక్ రెండు పలకల మీద పొరకి కొంచెం వాపు పుట్టించింది. ఒకదాని మీద ఎడమ సంచీ చుక్క, రెండోదాని మీద కుడి సంచీ చుక్క. సంచుల మీద 'ఎడమ', 'కుడి' అని రాసి, పరీక్ష తేలేదాకా ఆగమని చెప్పి, నర్సు చేత వార్డు ఫ్రిజ్‌కి పంపింది. ఒక్కో పలకకీ చేతి గడియారమంత మీటరు. "పొర బిగువుగా ఉంటే ముల్లు నిలబడుతుంది. సందులు పడితే వాలుతుంది. టైం పడుతుంది."

వాళ్ళు కూర్చున్నారు. పెట్టె సన్నగా మూలుగుతోంది. చివరి రోజుల్లో థోరా గదిలో మెషిన్ కూడా ఇలాగే మూలిగేది. ఐవర్‌కి వెనక ఎవరో నిలబడి తన భుజం మీంచి ముల్లుని చూస్తున్నట్టే ఉంది. తిరిగి చూడలేదు. చూస్తే వెళ్ళిపోతుందేమోనని భయం.

మధ్యాహ్నం దాటాక ఒక ముల్లు వణికింది. వాలటం మొదలుపెట్టింది. రెండోది కొంచెం తూలి, నిలదొక్కుకుని, నిటారుగా నిలబడింది.

వాలింది కుడిది. ఒడెట్ మంచిదన్నది.

"ఒడెట్ ఎక్కడ?"

"బ్రిన్యా దగ్గర," అంటూనే మారివిక్ పాలిపోయింది. "సంచులు అక్కడి ఫ్రిజ్‌లోనే..."

ఆమె చేసిన ఫోన్ మోగుతోంది, వార్డులో ఎవరూ తీయటం లేదు. ఐవర్ పరుగెత్తాడు. రెండు బిల్డింగులనీ కలిపే గాజు వంతెన మీద మీసం ఊడిపోయింది. వార్డులో కుడి సంచీ స్టాండుకి వేలాడుతోంది. నర్సు వేళ్ళు గొట్టం బిగింపు మీద ఉన్నాయి. తెల్లటి ద్రవం గొట్టంలో బ్రిన్యా మణికట్టుకి జానెడు దూరానికి వచ్చింది.

ఐవర్ మంచం దగ్గరికి దూకాడు. గొట్టాన్ని పిడికిట్లో మడిచి పట్టుకున్నాడు.

"ఏయ్! ఎవరయ్యా నువ్వు?" నర్సు అరిచింది. "డాక్టర్ మొదలుపెట్టమన్నారని ఆ కోటావిడ చెప్పి వెళ్ళింది!"

"ఫ్రిజ్ మెకానిక్‌ని. ఇది పాడైంది. ఎడమది పెట్టండి. డాక్టర్ వెనకాలే వస్తున్నారు, అడగండి."

బ్రిన్యా కళ్ళు తెరిచింది. అచ్చం తల్లి కళ్ళే. "ఐవర్ అంకుల్... పైపెదవి మీద ఆ జిగురేంటి?"

*

మాట చెప్పి మాయమవుదామనుకున్న ఒడెట్, పరీక్ష సంగతి తెలిసి, పని ముగించటానికి ఉండిపోవాల్సి వచ్చింది. ఈలోగా కారు రాయిలా బిగుసుకుపోయింది. ఐవర్ వెళ్ళేసరికి ఇంకా తాళం తిప్పుతూనే ఉంది. ఇంజన్ ముసలి దగ్గు దగ్గి ఊరుకుంది.

"నీ కారు బ్యాటరీతో కాస్త బూస్ట్ ఇస్తావా?" అందామె, అద్దం దించి, చెర్రీ పెదాలతో నవ్వుతూ.

"థోరా మీద ఒట్టేశావు. ఆవిడ విన్నది," అని ఐవర్ బేడీలు తీశాడు. చలికి చురుక్కుమన్నాయి. ఆమె నవ్వు ఆగిపోయింది.

సాయంత్రానికి బ్రిన్యా జ్వరం దిగటం మొదలైంది. కేకు ఇప్పుడే వద్దన్నారు. అందుకని డబ్బా మూత తీసి, వాసన మాత్రం పీల్చి, కళ్ళు మూసుకుని నవ్వింది.

చీఫ్ ఫోన్ చేసింది. "రిపోర్టులో సాక్షి ఎవరని రాయమంటావు?"

"థోరా."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "ఐవర్, ఆవిడని మనం సిబ్బంది రోల్స్‌లోంచి తీసేశాం."

"మళ్ళీ ఎక్కించండి చీఫ్. జీతం అక్కర్లేదు. ఆదివారం మేత పెడితే చాలు. ఆ పెట్టె ప్లగ్ మాత్రం ఎవరూ పీకకుండా ఆర్డరు వేయండి."