పద్నాలుగో నంబరు కప్పు

"చెయ్యి తియ్యండి."

ఇథుంగు నాతో అన్న మొదటి మాట అది. అక్టోబరు ఎండలో ఆమె ఇంటి వెనక వల బిగించిన మూడు బల్లల మీద ఎర్రటి కాఫీ పండ్లు తొక్కతో సహా ఆరుతున్నాయి. ఒకటి తీసి నలిపి చూద్దామని వంగానంతే.

"నేను కాఫీ టేస్టర్ని," అన్నాను, కాస్త గొప్పగానే.

"మగాళ్ళేగా?"

"పుట్టినప్పట్నుంచీ."

"అయితే తియ్యండి. మా సంఘం రూలు."

నన్ను వెంటబెట్టుకుని వచ్చిన మసికా పెద్దమ్మ, ఆ కొండ మీది ఆడవాళ్ళ కాఫీ సంఘానికి పెద్ద, నవ్వాపుకుంటూ సంగతి చెప్పింది. ఒకప్పుడు చెట్టు పూత మీద ఉండగానే మగాళ్ళు టౌనుకి దిగి పంటంతా ఎవడికో అమ్మేసి, ఆ డబ్బు తాగేసి ఇంటికి చేరేవాళ్ళట. పెళ్ళాలు ఏడాదంతా కలుపు తీసిన పంట, పండేసరికి పరాయివాడిదై ఉండేదట. అందుకే కోత దగ్గర్నుంచి బస్తా కుట్టేదాకా మగచెయ్యి పడకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు.

"మరి నా నాలుక మాటేంటి?" అన్నాను.

"నాలుకకి రూలు పెట్టలేదు," అంది ఇథుంగు, పండ్లు తిరగేస్తూనే. "పెట్టాల్సిందేమో."

కొండ దిగుతున్నంతసేపూ నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. గదికి వెళ్ళి తాళం తీశాక ఆ నవ్వు చూపించుకోవడానికి ఎవరూ లేరు.

నా పేరు ఎంబుసా. మా కొంజో తెగలో పేరు వింటే చాలు, ఇంట్లో ఎన్నో సంతానమో తెలిసిపోతుంది. నాది కడపటి కొడుకుల పేరు. నాకంటే ముందు అయిదుగురు అన్నలు పుట్టారు, ఒక్కడూ దగ్గర లేడు. కసెసె టౌన్లో ఒక గది, ఒక పళ్ళెం, ఒక గ్లాసు. రోజంతా పాతిక కప్పుల కాఫీ పుక్కిలించి ఉమ్మడం నా ఉద్యోగం. సాయంత్రం బుండు, అంటే కర్రపెండలం పిండి ముద్ద, చేసుకుని గోడకేసి చూస్తూ తింటాను. గోడ మంచిదే, ఎదురు చెప్పదు.

వారం తిరక్కుండానే ఇథుంగు మా ల్యాబు గుమ్మంలో నిలబడింది, చేతిలో చిన్న చిన్న సంచులతో.

"శాంపిల్స్. మసికా పెద్దమ్మ పంపింది. పిల్లాజెల్లా లేనిదాన్ని, తిరిగే పని నాకే పడేసింది."

సంచుల మీద నంబర్లే ఉన్నాయి. ఏ నంబరు ఎవరిదో మసికా పెద్దమ్మ పుస్తకంలోనే ఉంటుంది. తెచ్చిన ఇథుంగుకీ తెలియదు, తాగే నాకూ తెలియదు. ఎవరి కాఫీయో తెలిస్తే నాలుక పక్షపాతం చేస్తుంది. మా పనిలో మొదటి నీతి ఇది.

"కూర్చోండి, ఎస్ప్రెస్సో ఇస్తాను."

ఆ చిన్న కప్పులోకి తొంగిచూసి ఆమె నా మొహం వంక చూసింది. "ఇంతేనా? అయిదు నెలలు మేం చాకిరీ చేసేది పిల్లి నాకేంత కాఫీ కోసమా?"

"ఆ నాకేంతలోనే అన్నీ బయటపడతాయి. మామూలు కాఫీ తప్పుల్ని దాచిపెడుతుంది. ఇది చాడీకోరు. పచ్చి పండు ఒక్కటి పడినా చెప్పేస్తుంది."

ఆమె తాగింది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"పండు వాసన వస్తోంది," అంది మెల్లగా. "మా ఇంటి వెనక వాసన."

అప్పట్నుంచీ నాకు వారంలో బుధవారం ఒక్కటే ఉండేది. మిగతా ఆరు రోజులూ దాని కోసం గడిపేవాణ్ణి. మీరు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో ఇద్దరం గమనించలేదు. ఆమె మాటలు మొదలుపెడితే వరదే. దారిలో అద్దె బైకు నడిపే బోడావాడు ఏమన్నాడు, మేక ఎవరి తోటలో పడింది, అన్నీ చెప్పేది. ఒకసారి మధ్యలో ఆగి, "నీకు విసుగొస్తోందా?" అంది.

"లేదు. ఎందుకలా అడిగావ్?"

"అమ్మ పోయాక ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. ఒక్కోరోజు పండ్లతో మాట్లాడతాను. అందుకే మనిషి దొరికితే ఆపుకోలేను."

నా గోడ సంగతి చెబుదామనుకున్నాను. సిగ్గేసింది.

ఆ రోజే బాబాయి విషయం కూడా చెప్పింది. అమ్మ నాటిన మూడొందల చెట్ల మీద అతని కన్ను. ఒంటరి ఆడపిల్ల తోట నిలబెట్టలేదు, తనకిచ్చి ఎవణ్ణయినా కట్టుకుని పొమ్మని రోజూ పోరు. ఈ ఏడు ఆమె కాఫీ, సంఘం ఎస్ప్రెస్సో కోసం ఎంచి అమ్మే సరుకులో నిలబడితే నోరు మూసుకుంటానని పెద్దల ముందు ఒప్పుకున్నాడు. నిలబడకపోతే చెట్లు అతనివి.

"నిలబడుతుంది," అన్నాను.

"నీకేం తెలుసు, నా నంబరేదో కూడా తెలియనివాడివి."

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అనేశాను. "ఈ ఆదివారం మీ కొండకి వస్తాను."

ఆమె తిరిగి చూసింది. నవ్వలేదు, వద్దనలేదు. "మధ్యాహ్నం ఏటి వంతెన దగ్గరికి వస్తాను. అక్కణ్ణుంచి దారి నీకు తెలీదు," అంది.

ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. బూట్లు తుడుచుకున్నాను. తలుపు దాకా వచ్చి ఆగిపోయాను. ఆమె బల్లల దగ్గర కూర్చుని, ఆమె చేతి వంట తిని వచ్చి, రేపు ఆ కప్పులు నిజాయితీగా తాగగలనా? ఎక్కడ కొంచెం పులుపు తగిలినా ఇది ఆమెదేమోనని మార్కులు పెంచనా? అలా ఒక్కసారి పెంచానని తెలిస్తే ఇరవైమంది ఆడవాళ్ళ కాఫీని ఎవరూ నమ్మరు. ఆమె ఫోను నంబరైనా అడగని దద్దమ్మని. బూట్లతోనే మంచం మీద పడుకున్నాను. బయట వాన మొదలైంది. రేకుల మీద దాని చప్పుడు వింటూ ఎంత ఒంటరిగా అనిపించిందో చెప్పలేను. అంతకుముందు కూడా ఒంటరినే. కానీ అప్పుడు నా కోసం ఎవరూ ఎదురుచూసేవాళ్ళు కాదు.

ఆ తర్వాతి బుధవారం సంచులు ఎవరో బోడా అతను తెచ్చాడు. ఆ పై బుధవారం కూడా అతనే.

నెల తిరిగాక ఆఖరి శాంపిళ్ళు వచ్చాయి. పదమూడు కప్పులు హాయిగా ఉన్నాయి. పద్నాలుగోది నోట్లో పోసుకున్నాను. ముందు తీపి, బోలెడంత పండు వాసన. మింగబోయే చోట మాత్రం సన్నటి పులుపు. మూడుసార్లు చేసి తాగాను. మూడుసార్లూ ఉంది. కాగితం మీద రాశాను: "కోత అయిన తొలి రోజుల్లో ఒక పూట కప్పిన టార్పాలిన్ పట్టా తియ్యలేదు. పండ్లు లోపల చెమట పట్టాయి. ఎస్ప్రెస్సోకి పనికిరాదు."

సంఘం గోడౌన్లో మీటింగు పెట్టారు. ఆడవాళ్ళంతా చాపల మీద కూర్చున్నారు. ఇథుంగు ఆ చివర, నా వంక చూడకుండా. గుమ్మంలో ఒక లావుపాటి మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాబాయి అని అడక్కుండానే తెలిసింది.

చదువుకుంటూ వెళ్ళాను. పద్నాలుగోదీ చదివాను.

మసికా పెద్దమ్మ పుస్తకం తెరవబోతోంది. ఈలోగా ఇథుంగు లేచి నిలబడింది.

"తెరవక్కర్లేదు పెద్దమ్మా. అది నాదే. శాంపిల్ రెండో బల్ల నుంచి తీశాను."

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు పట్టా మరిచిపోయే పిల్లవి కావే," అంది మసికా పెద్దమ్మ. "ఏమైంది ఆ రోజు?"

"ఆదివారం. ఆ బల్ల ఒక్కటే కొత్త కోత. మధ్యాహ్నం ఎండకి దాన్ని కప్పి వంతెన దగ్గరికి వెళ్ళాను. ఒకాయన వస్తానన్నాడు. వానొచ్చింది. ఇప్పుడొస్తాడు, ఇంకాసేపట్లో వస్తాడు అనుకుంటూ చీకటి పడేదాకా తడుస్తూ కూర్చున్నాను. ఇంటి దగ్గర వాన గంటలోనే వెలిసిందట. పట్టా తియ్యడానికి నేను లేను."

నా జీవితంలో నేను తాగిన కప్పులన్నిట్లో, ఎవరో నాకోసం ఎదురుచూసిన కప్పు అదొక్కటే. దాన్ని నేను పనికిరాదని రాశాను.

"ఆ వస్తానన్నది నేనే," అన్నాను.

ఇరవై తలలు నావైపు తిరిగాయి. వెనక నుంచి ఎవరో ముసలావిడ, "అదీ సంగతి," అంది.

"రాసింది మార్చను," అన్నాను. "ఆ బల్ల కాఫీ బాగోలేదు, అంతే. కానీ ఆమె మిగతా రెండు బల్లలూ విడిగా చూడాలి. వాటిని నేను చూడకూడదు. ఇంకెప్పుడూ మీ కాఫీ నేను చూడకూడదు. ఫోర్ట్ పోర్టల్ టౌను నుంచి వేరే టేస్టర్ని పిలవండి."

"ఎందుకయ్యా?" అంది మసికా పెద్దమ్మ. "నీ అంత నిజం చెప్పేవాడు మాకు దొరకడు."

"ఎవరిదో తెలిసిపోయింది పెద్దమ్మా. ఇక నా నాలుక నా మాట వినదు. నాకా పిల్లంటే ఇష్టం."

ఇంత బహిరంగంగా అంటానని నేనూ అనుకోలేదు. ఇథుంగు మొహం తిప్పుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఫోర్ట్ పోర్టల్ నుంచి ఒక ఆవిడ వచ్చి రెండు బల్లలూ తాగి, రెండిటికీ మంచి మార్కులే వేసింది. బాబాయి ఇక ఆ ఇంటి వైపు రాలేదని విన్నాను. మా ఆఫీసు వాళ్ళు నాకు వేరే కొండల కాఫీ అప్పగించారు. ఆ సంఘం కాఫీ లాంటిది మళ్ళీ నా నోటికి తగల్లేదు.

ఆ మార్కులొచ్చిన మరుసటి ఆదివారం ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. వంతెన దగ్గర ఎవరూ లేరు. అడుగుతూ అడుగుతూ, రెండుసార్లు దారి తప్పి, మధ్యాహ్నానికి ఆ ఇంటి వెనక్కి చేరాను. ఇథుంగు పండ్లు తిరగేస్తోంది. తలెత్తలేదు.

"సారీ," అన్నాను. "తలుపు దాకా వచ్చి ఆగిపోయాను. భయమేసింది. నా గదిలో నాకు గోడ తప్ప ఎవరూ లేరు. ఒక మనిషి దొరికేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు."

"తోట నా పేరునే ఉంటుంది," అంది, ఇంకా పండ్లకేసి చూస్తూనే.

"ఉండనీ."

"నేను కిందికి రాను. నువ్వే ఇక్కణ్ణుంచి పనికి పోవాలి."

"పోతాను."

"వండడం వచ్చా?"

"బుండు ఒక్కటే."

ఆమె చేతులు ఆగాయి. అప్పుడు చూసింది నావైపు. కళ్ళ నిండా నీళ్ళు.

"అవేం పెద్ద విషయాలు కావులే," అంది. "సాయంత్రం పొద్దుగూకే వేళ ఈ ఇంట్లో ఇంకో గొంతు వినబడాలి నాకు. ఏదో ఒకటి, పనికిమాలిన కబురైనా సరే. అది చేతనవుతుందా నీకు?"

తల ఊపి, పక్కనున్న రాయి మీద కూర్చుని, దారిలో మేక నా చొక్కా అంచు నమిలిన సంగతి మొదలుపెట్టాను.