ఇన్వర్టర్‌లో మిగిలిన కరెంటు

హేమమాలిని శవం గుడియాత్తంలో, ఆమె వంటింట్లోనే దొరికింది. మెడ చుట్టూ తాడు బిగించిన గుర్తు.

మొదట చూసింది ఆ ఇంటి గోడకు సిమెంటు పూస్తున్న మేస్త్రీ అణ్ణామలై. అందుకే అతన్నే స్టేషన్‌కి పట్టుకొచ్చారు. హెడ్ కానిస్టేబుల్ గోవిందన్ నాలుగు తగిలించాడు కూడా.

"అన్నం తినేదానికి పోయినానమ్మా. వచ్చి చూస్తే పడుండాది," అన్నాడు అణ్ణామలై.

ఇన్‌స్పెక్టర్ సుగన్య అతని వాచిన చెయ్యి చూసింది. కబురు విని వచ్చానన్న హేమమాలిని భర్త పూర్ణచంద్రను జీపెక్కించింది. వేలూరులో అతని లుంగీ డిజైన్ల ఆఫీసుకు వెళ్లారు. లైను పనుల కోసం ఆ వీధిలో పొద్దున తీసేసిన కరెంటు ఇంకా రాలేదు.

"పొద్దుట్నించి యాడ ఉంటివప్పా?"

"ఈడనే మేడం. సిస్టమ్ ముందర."

"కరెంటు లేదే?"

"ఇన్వర్టర్ ఉండాది. గంటకొక డిజైన్ కొనే పార్టీలకు మెయిల్ చేసినాను. ఫోనొచ్చినాక సిస్టమ్ ఆపి వచ్చినాను."

వెంట వచ్చిన గోవిందన్ పూర్ణచంద్ర ఫోన్‌లో ఆ మెయిల్స్ చూశాడు. టైములు సరిపోయాయి.

సుగన్య ఇన్వర్టర్ చూసింది. బ్యాటరీ దాదాపు ఫుల్.

డెస్క్‌టాప్ ఆన్ చేయించింది. ఇన్వర్టర్ డిస్‌ప్లేలో లోడ్ రెండు వందల వాట్లకు ఎగబాకింది.

"ఈ చిన్న బ్యాటరీ దీన్ని మూడు గంటలు కూడా మోయదు. పొద్దుట్నించి నడిచుంటే ఎప్పుడో అయిపోయుండాల. కాలేదే?"

డెస్క్‌టాప్ ఆపించింది. అయినా డిస్‌ప్లే సున్నాకి రాలేదు. పదిహేను వాట్ల దగ్గర నిలిచింది. వైరు పట్టుకొని బల్ల వెనక్కి వెళ్లింది. అక్కడ రెండు నడుస్తున్నాయి. ఒకటి వైఫై రూటర్. దాని పక్కన ఒకే బోర్డు మీద అమర్చిన, అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్.

"ఇది తినేది అయిదారు వాట్లు. మెయిల్స్ నిన్ననే ఇందులో పెట్టి, టైములు ఇచ్చేసినావు. ఇది పంపతా ఉంటే నువ్వు గుడియాత్తం పోయినావు. ఎందుకు చంపినావు?"

పూర్ణచంద్ర గోడకు ఆనుకున్నాడు.

"ఫోనెత్తితే చాలు, 'హేమమాలినమ్మ లేరా?' అంటారు పార్టీలు. నాతో మాట్లాడరు."

"డిజైన్లు ఎవరివి?"

"ఆమెవే. ఈరోజు పోయినవి కూడా."

"ఈ బోర్డు బిగించిందెవరు?"

"ఆమే. పని ఇది చూసుకుంటాది, నువ్వు మధ్యానం ఇంటికొచ్చి వేడిగా తిని పో అనింది."

గుడియాత్తం తిరిగొచ్చాక అణ్ణామలైని వదిలేయమంది సుగన్య.

"సారీ చెప్పాలా మేడం?" గోవిందన్ గొణిగాడు.

"కొట్టింది నువ్వే కదా. పోయి చెప్పు."

గోవిందన్ బయటికి వచ్చాడు. అణ్ణామలై ఆగలేదు. వాచిన చెయ్యి ఛాతీకి ఆనించుకొని, వెనక్కి చూడకుండా బస్టాండు వైపు నడిచిపోయాడు.