ఒక తీగ వదిలేశాను

"పిల్లల కచేరీకి పియానో శ్రుతి చేయడం ఎందుకండీ, దండగ?" అన్నాను. ఆ అమ్మాయితో నేను అన్న మొట్టమొదటి మాట అదే. ప్రేమకథలు ఇంతకన్నా మర్యాదగా మొదలవుతాయని విన్నాను.

నేను పియానోలు శ్రుతి చేసేవాణ్ణి. పదకొండేళ్ళుగా ఈ కచేరీ హాలు పియానో నా చేతిలోనే ఉంది. పెద్దవాళ్ళ కచేరీలే నాకు ఒళ్ళుమంట. ముందు వరస దగ్గుతుంది, వెనక వరస ఫోన్లు చూసుకుంటుంది, మధ్య వరస హాయిగా నిద్రపోయి, లేచి, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతుంది. వీళ్ళు చాలరన్నట్టు ఇప్పుడు చిప్స్ పొట్లాలతో పిల్లలు!

అమ్మానాన్నలతో సహా పిల్లల్ని నెలకో ఆదివారం పొద్దున పిలిచి ఎదురుగా వాయించి వినిపించాలన్న బుద్ధి, ఆర్కెస్ట్రాలో కొత్తగా చేరిన ఈ వయొలిన్ అమ్మాయికే పుట్టింది.

"దండగెందుకు?" అంది.

"వాళ్ళకి తేడా తెలిసి చస్తుందా?"

"తెలుస్తుంది. తెలుస్తుందన్న సంగతి మీకే తెలీదు."

"ఒక్క పిల్లకి తెలిసినా మీ కచేరీకి మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చుంటా."

"గుర్తుపెట్టుకుంటాను, చిరాకు గారూ."

ఆ పేరు నాకు అతుక్కుపోయింది. టికెట్లు చింపే తాతగారు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

మొదటి మూడు కచేరీలకీ ఇదే వరస. నేను వేదిక మీద తీగలు బిగిస్తుంటే, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని వయొలిన్ తుడుచుకుంటూ నన్ను కెలికేది. నన్ను ఎనిమిదికి రమ్మంటే ఏడింటికే వెళ్ళేవాణ్ణి. పని ఎక్కువుందని చెప్పేవాణ్ణి. అదంతా ఉత్తిదే. ఆమెతో గంటసేపు పోట్లాడకపోతే నాకు ఆ వారమంతా తోచేది కాదు.

నాలుగో నెల నా బుద్ధి గడ్డి తింది.

పియానో మధ్యలో వేలితో నొక్కే ఒక్కో మెట్టుకి లోపల మూడేసి తీగలుంటాయి. మూడూ ఒక్కటిగా మోగితే స్వరం నిలబడుతుంది. ఒకటి రవ్వంత జారితే వణుకుతుంది. ఆ ఆదివారం ఆమె రావడం ఆలస్యమైంది. నేను ఒక తీగని రవ్వంత జార్చి వదిలేశాను. కావాలనే. ఆమె చెవికి అందుతుంది, కానీ వాయిస్తూ ఏం చేయగలదు? కచేరీ అయ్యాక, "చూశారా, మీకు తప్ప ఎవరికీ తెలీలేదు" అందామని, ఓడిపోయిందాన్ని ఓదారుస్తూ కాఫీకి పిలుద్దామని నా ప్లాను. పదకొండేళ్ళ అనుభవమున్న వెధవకి మాత్రమే తట్టే ప్లాను.

సంచీ సర్దుకుని గేటు దాకా వచ్చాను.

"ఈ రోజే ఆఖరేమో బాబూ," అన్నాడు తాతగారు. "పోయిన నెలలాగా జనం మధ్యలో లేచి వెళ్ళిపోతే పిల్లల కచేరీలు ఆపేస్తానని హాలు సెక్రటరీ గారు తేల్చేశారు. ఆ అమ్మాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందట. ఇవి ఆగిపోతే వెళ్ళిపోతుంది."

ఆ తీగ సరిచేయాలి. మరుక్షణం వెనక్కి పరుగెత్తాను.

అప్పటికే హాలు నిండిపోయింది. ఎప్పుడూ ఆఖరి నిమిషంలో ఊడిపడే పియానో వాయించే ఆయన అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వయొలిన్ ఎత్తింది. మొదటి వరసలో సెక్రటరీ వాచీ చూసుకుంటున్నాడు. ఆయనకి రెండు కుర్చీల అవతల మా అక్క, ఆరేళ్ళ మేనకోడలు.

"నువ్వేంటక్కా ఇక్కడ?" అంటూ పక్కన కూలబడ్డాను.

"నువ్వు పొద్దస్తమానం తిట్టే అమ్మాయి ఎలా ఉంటుందో చూద్దామని. బాగుందిరా!"

వాయించడం మొదలైంది. కాసేపటికి ఆ మెట్టు మోగింది. ఆమె కనుబొమ్మ కదిలింది. సెక్రటరీ మాత్రం మహా రసికుడిలా తలూపుతూనే ఉన్నాడు. రెండోసారి మోగింది.

మా మేనకోడలు కుర్చీ ఎక్కి నిలబడింది. "మామయ్యా! అక్కడ వణుకుతోంది!"

జనం నవ్వారు. "అవును, నేనూ విన్నా!" అని వెనకనుంచి ఇంకో గొంతు. "నేనూ!" "నేను ముందు విన్నా!" హాలంతా గోల. వాయిద్యాలు ఆగిపోయాయి. తల్లిదండ్రులు బ్యాగులు సర్దుకోసాగారు. సెక్రటరీ లేచి నిలబడ్డాడు.

ఆమె నావైపు చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది. లేదు.

నోరు మూసుకుని కూర్చోవచ్చు. కూర్చోలేకపోయాను. వేదిక ఎక్కాను.

"తప్పు పియానోది కాదు, నాది. మీకు వినపడదనుకుని ఒక తీగ కావాలనే వదిలేశాను."

"ఛీ!" అంది మా మేనకోడలు, చివరి వరస దాకా వినిపించేలా.

వయొలిన్ అమ్మాయి ముందుకొచ్చింది. "అయితే పిల్లలూ, మీరే దగ్గరుండి సరిచేయించండి. వణుకు ఆగగానే చేతులెత్తాలి. సరేనా?"

వంగి తీగ బిగించాను. మెట్టు నొక్కాను. "ఇప్పుడు?"

"ఇంకా ఉంది!"

"ఇప్పుడు?"

"కొంచెం!"

చిప్స్ నమలడం ఆగిపోయింది. వెళ్ళబోయినవాళ్ళు నడవలోనే చతికిలబడ్డారు. మరో రవ్వంత తిప్పాను. హాలు నిండా చేతులు లేచాయి. తర్వాత చప్పట్లు. పదకొండేళ్ళలో నాకు చప్పట్లు కొట్టింది ఈ బుడతలే. నేను దండగన్నది వీళ్ళనే.

ఆ తర్వాత ఒక్కరు లేచి వెళితే ఒట్టు. నేను మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"వచ్చే నెల కూడా ఇలాగే ఏదో ఒకటి చెడగొట్టవయ్యా," అన్నాడు సెక్రటరీ వెళుతూ, అదంతా తన ఆలోచనే అన్నట్టు.

ఆమె వయొలిన్ పెట్టెలో పెడుతోంది. అక్కా మేనకోడలూ నా వెనకే వచ్చారు.

"ఎందుకు చేశారు?" అంది తలెత్తకుండా.

"మీరు ఓడిపోతే కాఫీకి పిలుద్దామని."

"మామూలుగా పిలిస్తే రానన్నానా?"

మాట మార్చాను. "ఆ ఊరి ఉద్యోగం..."

"రేపటికల్లా ఏదో ఒకటి చెప్పాలి."

గొంతు సవరించుకున్నాను. "వెళ్ళకండి. పిల్లలకి మీరు కావాలి."

మేనకోడలు తల పక్కకి వంచింది. "మామయ్యా, వణుకుతోంది."

అక్క దాని నోరు మూయబోయింది. వయొలిన్ అమ్మాయి ఆపి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎక్కడమ్మా?"

"పిల్లలకి అన్నచోట."

"సరిచేసి మళ్ళీ చెప్పండి, చిరాకు గారూ," అంది ఆమె. మొదటిసారి ఆమె చెవులు ఎర్రబడడం చూశాను.

"నాకు మీరు కావాలి," అన్నాను.

ఆమె మేనకోడలి వైపు తిరిగింది. "ఇప్పుడు?"

అది కాసేపు ఆలోచించి, చెయ్యెత్తింది.